చీటీలోని అంకె, యంత్రములోని అంకె



కంప్యూటరు తనలోనున్న సంఖ్యను కాగితముపై నేరీతిగ వ్రాయును, ఆ రీతిని బోధించు గ్రంథము లెట్లుండవలెను అనునది నేటి ప్రసంగ విషయము. జీవితమంతయు బడిలో బాలవ్యాకరణమును, అమరకోశమును చెప్పినవానికి ఈ యంత్రముల ప్రసక్తి యేల యని మీరడుగవచ్చును. నేను దానిని వెదకికొని పోలేదు. అదియే మా యరుగుమీదికి వచ్చినది.

మా యూరిలో పాలు కొను సంఘ మొకటి కలదు. గేదెపాలను వెన్నశాతము చూచి కొందురు. నూటికి 6 పాళ్లు గాని అంతకు మించి గాని వెన్న యున్నచో నొక ధర. 6 పాళ్లకు తక్కువైనచో మరియొక ధర. ఒకనాటి యుదయమున ఒక యిల్లాలు చీటీ చేత పట్టుకొని వచ్చి, "పంతులుగారూ! చీటీలో ఆరు అని ఉంది. డబ్బేమో ఆరుకి తక్కువైన పాలకిచ్చే డబ్బు ఇచ్చారు. ఇందులో ఏది నిజమో మీరే చెప్పండి" అని నిలిచెను. చూచితిని. వెన్న 6.0 అని స్పష్టముగ అచ్చుపడి యున్నది. ధర మాత్రము క్రింది మెట్టుది. రెండు గేదెల పాడిపై బ్రదుకు సంసారమునకు ఆ భేదము చిన్నది కాదు. అప్పటికే కొందరు గుమాస్తా దొంగ యనుచుండిరి. అతడు దేవునిపై ప్రమాణము చేయుచుండెను.

ఆ లెక్కల ప్రోగ్రాము వ్రాసినవాడు నా శిష్యుడే. పిలిపించితిని. అతడు లెక్క తెరచి చూచి వెలవెలబోయి, "మాస్టారూ, లోపల 5.96 ఉందండీ. చీటీ మీద బిందువు తరవాత ఒక్క అంకె వెయ్యమన్నాను. 6.0 అని పడింది" అనెను. గుమాస్తా దొంగ కాడు, యంత్రము చెడలేదు, ఆ యిల్లాలి మాటయు అబద్ధము కాదు. అయినను ఒకే పాలకు రెండంకెలు పుట్టినవి. ఇదెట్లు సంభవించినదో తెలిసికొనుటకు మా కొక వారము పట్టినది. ఆ తెలిసికొన్నదే నేడు మీకు విన్నవించుచున్నాను.

మొదట యంత్రము సంఖ్యను దాచుకొను తీరు. మనము పది యంకెలతో వ్రాయుదుము. కంప్యూటరునకు రెండే గుర్తులు: ఒకటి, సున్న. ఛందస్సు చదివినవారి కిది వింత కాదు. పింగళుడు తన ఛందస్సూత్రములలో గురువు, లఘువు అను రెండు గుర్తులతోనే ప్రస్తారము నడపెను. ఒక యక్షరమునకు 2 రూపములు, రెంటికి 4, మూటికి 8. ఆ యెనిమిదే మనము మగణము, నగణము, భగణము మున్నగు పేర్లతో వల్లించిన గణములు. కంప్యూటరు అట్టి గుర్తులను సామాన్యముగ 64 వరుసగ పేర్చి ఒక భిన్నసంఖ్యను దాచును.

ఆ 64లో మొదటి గుర్తు సంఖ్య ధనమో ఋణమో తెలుపును. తరువాతి 11 గుర్తులు బిందువు ఎక్కడ పడవలెనో తెలుపును. మిగిలిన 52 గుర్తులు అంకెలను మోయును. బిందువు ఒక్కచోట నిలువక జరుగుచుండును గనుక దీనికి ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్య యని పేరు వచ్చినది. మనము చరబిందు సంఖ్య యని పిలుచుకొందము. నక్షత్రముల దూరమును, గురిగింజ యెత్తులో లక్షవ పాలును ఒకే కొలతలో నిముడ్చుటకై యీ యేర్పాటు. పూర్వము ఒక్కొక్క కంపెనీ యంత్రమున నొక్కొక్క రీతి యుండెను. 1985లో ఐ.ఇ.ఇ.ఇ. 754 అను ప్రమాణము వెలువడి, క్రమముగ ఏకరీతి యేర్పడెను. ఆ కృషిలో ముఖ్యుడు విలియం కహాన్ అను ఆచార్యుడు. 1989లో ఆయనకు ట్యూరింగ్ పురస్కారము లభించెను.

ఇక చిక్కు. రెండు గుర్తుల యంత్రము దేనినైనను సగము, సగములో సగము, దానిలో సగము అను భాగములతోనే కొలువవలెను. ఇది మన తాతల లెక్కయే. రూపాయికి 16 అణాలు. అర్ధరూపాయి, పావలా, బేడ, అణా, అర్ధణా, కాని: ప్రతిదియు ముందుదానిలో సగము. అర, పాతిక, వీసము అను మాటలును ఆ త్రోవవే. నాలుగేసి పాళ్లుగ తగ్గుచు పోవు భిన్నములకు మన ప్రాచీన తెలుగు లెక్కలలో ప్రత్యేకమైన గుర్తులే యుండెడివి. వానిని 2008లో యూనికోడ్ అను ప్రపంచ లిపి పట్టికయందు చేర్చిరి. ఈ కొలతలను కంప్యూటరు పిసరంత తేడా లేక దాచగలదు. దమ్మిడీల మాట వేఱు. అణాకు అవి 12 గనుక అందు మూడు దూరినది.

1957 ఏప్రిల్ 1 నుండి రూపాయికి నూఱు నయాపైసలైనవి. పది పైసలనగా రూపాయిలో పదవ పాలు. దానిని సగములతో కొలిచి చూడుడు. వీసము తీసికొనుడు, చాలదు. అరవీసము కలుపుడు, ఇంకను చాలదు. వీసములో వీసము కలుపుడు, అందులో సగము కలుపుడు, ఇంకను కొఱతయే. ఎంత దూరము పోయినను పదవ పాలు పూర్తి కాదు. మూడింట నొక పాలును 0.333 అని వ్రాయ మొదలిడినవాడు ఎట్లు ముగింపలేడో యిదియు నట్లే. గుర్తులు నిండగనే యంత్రము దగ్గరి సంఖ్యకడ నిలిచిపోవును. కావున 0.1 అని మనము చెప్పినను లోపల నుండునది 0.1000000000000000055 అను నంకెలతో మొదలగు సంఖ్య. ఒకటి మొదలు 99 వఱకు గల పైసలలో 25, 50, 75 అను మూడే, రూపాయి భిన్నములుగ వ్రాసినపుడు, ఉన్నవి యున్నట్లు నిలుచును. 0.1కి 0.2 కలుపుమని యడిగినచో అనేక భాషలలో 0.30000000000000004 అని యుత్తరము వచ్చుట యిందువలననే.

ఇంతవఱకు దాచుట. ఇక వ్రాయుట.

డెన్నిస్ రిచీ అను నాతడు 1970 తరువాతి యేండ్లలో బెల్ ప్రయోగశాలలయందు సి అను ప్రోగ్రాము భాషను కల్పించెను. అందు చరబిందు సంఖ్యను వ్రాయించుటకు మూడు ముఖ్యమైన ఆజ్ఞాక్షరములు కలవు: ఎఫ్, ఇ, జి. తరువాత వచ్చిన భాషలు పెక్కు వీనినే యనుసరించినవి. అక్షరమునకు ముందు ఎన్ని యంకెలు కావలెనో తెలుపు పరిమాణమును వ్రాయుదురు. 12.3456 అను సంఖ్యను తీసికొని, మూటియందును 3 అను పరిమాణమునే యిచ్చి చూతము. ఎఫ్ అనునది 12.346 అని వ్రాయును; బిందువు తరువాత 3 అంకెలు. ఇ అనునది 1.235 అని వ్రాసి, పదిచే నొకమారు గుణింపుమని ప్రక్కన గుర్తు పెట్టును. ఇక్కడను బిందువు తరువాత 3 అంకెలే. జి యనునది మాత్రము 12.3 అని వ్రాయును. ఇచ్చట 3 అనగా మొత్తము సార్థకాంకెలు. చూచితిరా? ఒకే స్థానమున నొకే 3, అర్థములు రెండు.

పరిమాణము చెప్పకున్నచో యంత్రము 6 అని గ్రహించును. అప్పుడు 12,34,567 రూపాయలను జి యను నక్షరముతో వ్రాయింపగా, మొదట 1.23457, దాని ప్రక్కన ఇ యను ఆంగ్లాక్షరము, కూడిక గుర్తు, 06 అని వచ్చును. దానిని చదువ నేర్చినవానికి అది 12,34,570. మూడు రూపాయలు కాగితముపై పెరిగినవి. చదువ నేర్వనివానికి అది రూపాయి యిరువదిమూడు పైసలు. లోపల మాత్రము 12,34,567 చెక్కుచెదరక యున్నది.

"ఈ సంగతులు నీ గ్రంథములలో లేవా?" యని శిష్యు నడిగితిని. ఉన్నవని చెప్పి తెచ్చి చదివెను. విలువ తగినన్ని యంకెలకు సవరింపబడును అను నర్థము గల వాక్యము వద్ద ఆపితిని. "నాయనా, ఏ విలువ?" అంటిని. అతడు తెల్లబోయెను. అది కర్మణి వాక్యము. సవరింపబడునది పెట్టెలోని విలువయా, కాగితముపై పడబోవు దాని ప్రతిబింబమా? వ్రాసినవానికి సందేహము లేదు. అతనికి తెలియును గనుక. చదివినవాడు మొదటిదే యని నమ్మెను. చీటీకై 6.0 అని వ్రాయించితిని గనుక లోపలి సంఖ్యయు 6.0 అయినదని తలచి, తరువాతి వాక్యమున "ఇది 6కు తక్కువయా?" యని యంత్రము నడిగెను. యంత్రము తనలోని 5.96 చూచి తక్కువే యని చెప్పెను. మా యూరి తగవున కదియే మూలము: ఒక వాక్యములో కర్మ యేదో స్పష్టము కాకపోవుట.

తర్కము చదివినవారికి లక్షణదోషములు మూడని తెలియును. గోవునకు కొమ్ము లుండుట లక్షణమన్నచో గేదెకును పట్టును, అది అతివ్యాప్తి. కపిలవర్ణము లక్షణమన్నచో తెల్లయావును విడుచును, అది అవ్యాప్తి. ఒంటి గిట్ట లక్షణమన్నచో ఏ యావునకును పట్టదు, అది అసంభవము. ఈ మూడును ఈ విషయమున నాకు కనబడినవి. వ్రాసిన సంఖ్యయే లోపలి సంఖ్య యనుట అతివ్యాప్తి, 0.5 విషయమున నిజమే గాని 0.1కి పట్టదు. పరిమాణమనగా బిందువు తరువాతి యంకెలే యనుట అవ్యాప్తి. ఎఫ్, ఇ లకు పట్టి జి యను దానిని విడుచును. వ్రాయించినంత మాత్రమున లోపలి సంఖ్య సవరింపబడు ననుట అసంభవము. వ్రాత విలువను మార్చదు, అద్దము ముఖమును మార్చనట్లు.

సవరించుటయందును నొక సందు కలదు. బేడ యనగా 0.125 రూపాయి. యంత్రము దీనిని సరిగనే దాచును. దీనిని రెండంకెలకు కుదించినచో 0.12 వ్రాయవలెనా, 0.13 వ్రాయవలెనా? సరిగ్గా నడుమ నున్నది. పైథాన్ అను భాష 0.12 అని వ్రాయును. నడుమనున్నపుడు సరిసంఖ్యవైపు పోవుట దాని నియమము. జావాస్క్రిప్ట్ లోని టూఫిక్స్‌డ్ అను ఆజ్ఞ 0.13 అని వ్రాయును. పెద్దదానిని గైకొనుట దాని నియమము. జావా యను భాషలోనైతే ఒకే యింట రెండు వాకిళ్లు: ఫార్మాటర్ అను నది పైకి పోవును, డెసిమల్‌ఫార్మాట్ అను నది వేఱుగ చెప్పకున్నచో సరిసంఖ్యవైపు పోవును. ఏదియు తప్పు కాదు. నియమమును చెప్పకుండుటయే తప్పు.

మరియొక యుదాహరణము. పైథాన్‌లో 2.675ను రెండంకెలకు సవరింపుమన్నచో 2.67 వచ్చును. బడిపిల్లవాడైనను 2.68 కావలెననును. కాని లోపలనున్నది 2.675 కాదు, 2.67499999999999982 అను నంకెలతో మొదలగు సంఖ్య. అది నడుమకు రవంత క్రింద నున్నది గనుక క్రిందికే పోయెను. పైథాన్ వివరణ గ్రంథము ఈ యుదాహరణమునే యెత్తి, ఇది దోషము కాదనియు, కారణ మిదియనియు విప్పి చెప్పినది. గ్రంథము లిట్లుండవలెను. చదువరి తడబడు చోటు ముందే చూచి అక్కడ దీపము పెట్టుటయే భాష్యకారుని పని.

ఇదంతయు పాలచీటీల గొడవ యని తీసివేయరాదు. జర్మనీ దేశపు ఉత్తరభాగమున ష్లెస్విగ్-హోల్‌స్టైన్ అను రాష్ట్రము కలదు. అచ్చట నూటికి 5 వోట్లైనను రాని పక్షమునకు సామాన్యముగ శాసనసభలో స్థానములు దక్కవు. 1992 ఏప్రిల్ 5న జరిగిన యెన్నికలలో గ్రీన్ పక్షమునకు 5.0 పాళ్లు వచ్చినట్లు పట్టికలో కనబడెను. సభాప్రవేశము లభించినదని తలచిరి. అర్ధరాత్రి దాటిన పిమ్మట తెలిసినదేమనగా, నిజముగ వచ్చినవి 4.97 పాళ్లే. పట్టిక వ్రాసెడు ప్రోగ్రాము బిందువు తరువాత నొక్క యంకె మాత్రమే యుంచి, 4.97ను 5.0గ చూపినది. లెక్క సరిదిద్దగా గ్రీన్ పక్షము సభకు దూరమయ్యెను. 89 స్థానముల సభలో సోషల్ డెమోక్రాట్లు 45 స్థానములతో ఒక్క స్థానపు మొగ్గుతో ఆధిక్యము పొందిరి. మా యూరి 5.96కును ఆ రాష్ట్రపు 4.97కును భేదమేమి? గీటుకు క్రిందనున్నదానిని వ్రాత గీటుమీదికి జరిపినది. రెండుచోట్లను సంఖ్య మారలేదు. చూపు మాత్రమే మారినది.

అట్లయిన వ్రాతను నమ్ముటెట్లు? విద్వాంసులు దీని నాలోచింపకపోలేదు. 1990లో గై స్టీల్, జాన్ వైట్ అను నిరువురు చరబిందు సంఖ్యలను తప్పులేక వ్రాయించుటను గూర్చి యొక వ్యాసము ప్రకటించిరి. అదే సభయందు విలియం క్లింజర్ అను నాతడు వానిని తప్పులేక చదివించుటను గూర్చి మరియొక వ్యాసము ప్రకటించెను. వ్రాయుట, చదువుట: రెండును జంట విద్యలు. వ్రాసినదానిని మరల యంత్రముచే చదివించినచో మొదటి సంఖ్యయే రావలెను, అదియే పరీక్ష. 64 గుర్తుల సంఖ్యకు 17 సార్థకాంకెలు వ్రాసినచో ఈ పరీక్ష యెన్నడును తప్పదు. అయితే 0.1కి 17 అంకెలు వ్రాసినచో 0.10000000000000001 అని వికారముగ కనబడును. మునుపు పైథాన్ అట్లే చూపుచుండెను. 2009లో వచ్చిన 3.1 సంచికనుండి, మరల చదివినపుడు అదే సంఖ్య నిచ్చు వ్రాతలలో మిక్కిలి చిన్నదానిని చూపుచున్నది, అందుచే 0.1 అనియే కనబడును. ఇక్కడ నొక హెచ్చరిక. వ్రాత శుభ్రపడినది గాని లోపలి సంఖ్య శుభ్రపడలేదు. ముఖము కడిగినంత మాత్రమున ఎముక మారదు.

నేనును శిష్యుడును కూర్చుండి, సంఘపు ప్రోగ్రామునకు తెలుగులో నొక చిన్న వివరణ వ్రాసితిమి. దానిని వినిపించెదను. "ఒకటి. ఈ యాజ్ఞ లోపలి సంఖ్యను మార్చదు. చీటీకై యొక వ్రాతను మాత్రమే తయారుచేయును. రెండు. ఇచ్చట అంకెల పరిమాణమనగా బిందువు తరువాతి యంకెల లెక్క. మొత్తము అంకెల లెక్క కాదు. మూడు. కుదించునపుడు దగ్గరి దానికి కుదించును. సరిగ్గా నడుమ నున్నచో సరియంకె వైపు పోవును. నాలుగు. ధర నిర్ణయించునపుడు చీటీపై కనబడు సంఖ్యనే గైకొనవలెను. చీటీకొకటి, ధరకొకటి కూడదు." నాలుగు వాక్యములు. ప్రతి వాక్యమునను దేనిని గూర్చి చెప్పుచున్నామో ఆ పదమును విడువక వ్రాసితిమి.

నాలుగవ వాక్యము వ్యాకరణము కాదు, ధర్మము. అది సంఘము వారు కూడి నిశ్చయించినది. వెన్న మొదట రెండంకెల వఱకు సవరించి, ఆ సవరించిన దానినే చీటీమీద వేసి, దానితోనే ధర కట్టవలెనని తీర్మానించిరి. నా శిష్యుడు వెన్నను 5.96 అని భిన్నముగ గాక 596 అను పూర్ణసంఖ్యగ దాచుకొనునట్లు మార్చెను. డబ్బును రూపాయల భిన్నముగ గాక పైసలలో పూర్ణసంఖ్యగ దాచెను. పూర్ణసంఖ్యలను ఆ 64 గుర్తుల చరబిందువు సయితము 15 అంకెల వఱకు చెడకుండ మోయును. పూర్ణసంఖ్యలకే యేర్పడిన స్థానములలో బిందువు బాధయే లేదు. డబ్బు లెక్కల కిది మేలైన మార్గము. పదింటి లెక్కతోనే సంఖ్యను దాచు ప్రత్యేకపు రకములును అనేక భాషలలో నున్నవి, అవియును మంచివే.

మీలో ననేకులు నేడు కంప్యూటరు చీటీలతో పని కలవారు. పాలచీటీ, ధాన్యపు కాటా చీటీ, బ్యాంకు వడ్డీ చీటీ: ఏదైనను చేతికి వచ్చినపుడు రెండు ప్రశ్న లడుగుడు. "ఈ అంకె కుదించినదా, ఉన్నదున్నట్టు వేసినదా? డబ్బు కట్టింది ఈ అంకె మీదనేనా?" ఈ ప్రశ్న లడుగుటకు ఇంగ్లీషు రానక్కరలేదు. అడిగినంతనే యెవరినో దొంగ యనుటయు కాదు. ఇక మీ పిల్లలు, మనుమలు ప్రోగ్రాములు వ్రాయువారైనచో, వారికొక మాట చెప్పుడు: ప్రోగ్రాము యంత్రమునకు వ్రాయునది, వివరణ మనుష్యునకు వ్రాయునది, యంత్రము తన సందేహమును చెప్పలేకున్నను తప్పు చూపును, మనుష్యుడు సందేహమునే యెఱుగక తప్పు చేయును, కావున రెండవ వ్రాతయందే యెక్కువ జాగ్రత్త వలయును.

ఆ యిల్లాలికి నేనేమి తీర్పు చెప్పితినని మీరడుగుదురు. ఆమె పాలలో వెన్న 5.96, 6 కాదు. అది సత్యము. కాని సంఘము తన చేతి చీటీపై 6.0 అని వ్రాసి యిచ్చినది. వ్రాసినమాటకు కట్టుబడుట న్యాయము. కావున పాతచీటీలలో 6.0 అని యున్నవారి కందఱికిని ఆ ధరయే యిచ్చి, నాటినుండి క్రొత్త లెక్క నడుపుడని చెప్పితిని. సంఘము వారంగీకరించిరి. గుమాస్తా మాట నిలిచినది. మరునాడు ఆమె క్రొత్తచీటీ తెచ్చి నాకు చూపెను. అందు 5.98 అని యున్నది. ధర క్రింది మెట్టుదే. "తక్కువే వచ్చిందండీ, కానీ ఇప్పుడు నాకర్థమయింది" అని చెప్పి పోయెను.